పాత కారుకు కొత్త టాపు వేయించారా? తొలి వానకు ముందే ఇవి చూసుకోండి

హైదరాబాద్‌లో బట్ట టాపు ఉన్న పాత బళ్లను ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌ను ఓపెన్ కారుగా దాచుకున్నవాళ్లు, మహీంద్రా పాత జీపు తాతల నాటి నుంచి ఇంట్లోనే ఉన్నవాళ్లు, 1985లో వచ్చిన మారుతి జిప్సీని వదల్లేనివాళ్లు. టాపు చిరిగిందంటే వీళ్లలో చాలామంది బేగంబజార్ దారి పడతారు. తాటిపత్రి, తాళ్లు, నవారు, జిప్పులు, బ్రష్షులు అన్నీ ఆ గల్లీల్లోనే టోకు ధరకు దొరుకుతాయి. సామాను పట్టుకుని తెలిసిన మిస్త్రీ దగ్గరకు వెళ్లి కుట్టించుకుంటారు. బండి ఇంటికొచ్చిన రెండో రోజు నుంచి అసలు గొడవ మొదలవుతుంది. లాక్ పడదు, ముడతలు పోవు, మొదటి జల్లుకే సీటు తడుస్తుంది.

అప్పుడు అందరూ బట్టనే తిడతారు. నా అనుభవంలో మొదటి నెలలో వచ్చే ఇబ్బందులకు బట్ట కారణం కావడం తక్కువ. ఫ్రేము, డోరు, అద్దం, రబ్బరు బీడింగ్, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి దారి తప్పి ఉంటుంది. బోల్టు తప్పుగా తిప్పితే మళ్లీ సరిగా తిప్పుకోవచ్చు. కత్తెర పడ్డ బట్ట తిరిగి రాదు. అందుకే సరిదిద్దుకోగలిగిన పనులు ముందు, కత్తెర పనులు చివర అన్న వరసలో ఇవి రాస్తున్నాను.

1. మొదటి నెల టాపు దించకండి. కొత్త బట్ట ఫ్రేము మీద బిగుతుగా ఉంటుంది, ఉండాలి కూడా. లాక్ వేసి, రోజూ కొంతసేపు ఎండ తగిలేలా నిలిపితే రెక్సిన్ మెత్తబడి, కింద దాన్ని మోసే కమాను కమ్మీల ఒంపుకు సర్దుకుంటుంది. మడతలో వచ్చిన గీతలు కూడా చాలావరకు ఆ ఎండకే పోతాయి. ఓపెన్ కారు కొన్నదే టాపు దించడానికి కదా అని మనసు లాగుతుంది. ఈ ఒక్క నెల ఆగితే ఆ తర్వాత ఏళ్ల తరబడి దించుకోవచ్చు. "ఎండల ఉంచు అన్నా, అదే సెట్ అయితది" అని మిస్త్రీ అంటే తప్పించుకోవడానికి అన్నాడనుకోవద్దు, నిజమే చెబుతున్నాడు.

2. లాక్ అందకపోతే మోకాలు పెట్టి నొక్కకండి. టాపు ముందు అంచుకూ విండ్‌షీల్డు చట్రానికీ మధ్య రెండు వేళ్ల సందు ఉండటం కొత్త టాపుకు మామూలే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెక్సిన్ గట్టిపడి ఇంకా దూరం జరుగుతుంది. లాక్ వేయకుండా టాపును ఊరికే పైకి లేపి గంటసేపు ఎండలో ఉంచండి. తర్వాత ఇద్దరు మనుషులు రెండు పక్కలా నిలబడి రెండు లాకులూ ఒకేసారి వేయండి. ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు వెళితే ఫ్రేము మెలి తిరుగుతుంది. పాత ఫ్రేములో రివెట్లు అప్పటికే అరిగి ఉంటాయి కాబట్టి ఆ మెలి అలాగే ఉండిపోతుంది. చాలా లాకుల్లో కొక్కేనికి మరలు ఉంటాయి. ముందు కొక్కేన్ని నాలుగు చుట్లు వదులు చేసి లాక్ వేసి, బట్ట సాగుతున్నకొద్దీ కొంచెం కొంచెం బిగించుకుంటూ రండి.

నూలు కాన్వాస్ అయితే సంగతి వేరు. తడిస్తే దారాలు ఉబ్బి బట్ట బిగుసుకుంటుంది. వాన పడ్డ మర్నాడు లాక్ అందలేదంటే పూర్తిగా ఆరేదాకా ఆగండి, ఇంకేమీ చేయొద్దు.

3. ముడత ఎటు పడిందో చూడండి. జబ్బు ఎక్కడుందో అదే చెబుతుంది. ఈ ఒక్క విషయం తెలిస్తే మిస్త్రీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

ముడత అడ్డంగా, అంటే ఒక డోరు నుంచి రెండో డోరు వైపుకు పడితే, కమాను కమ్మీల మధ్య దూరం తప్పింది. కమ్మీలను పట్టి ఉంచేవి లోపలి నవారు పట్టీలు. అవి వదులైతే కమ్మీ ముందుకో వెనక్కో వాలుతుంది, పైన బట్ట జారి ముడత పడుతుంది. మందు బట్టను లాగడం కాదు, నవారు మార్చి కమ్మీని పాత చోటికి తేవడం. బేగంబజార్‌లో మంచాల నవారు చవగ్గా వస్తుందని అదే వేయించేవాళ్లున్నారు. నూలు నవారు తడిస్తే పొట్టిదవుతుంది, ఆరితే వదులవుతుంది, ప్రతి వానకూ కమ్మీ కదులుతూనే ఉంటుంది. పాలిస్టర్ నవారు అడగండి.

ముడత ముందు నుంచి వెనక్కి నిలువుగా పడితే, పక్కల లాగుడు తక్కువైంది. టాపు పక్క అంచులో, డోరు అద్దం పైన, బట్ట లోపల సన్నని తీగ వెళ్తుంది. దాని చివర స్ప్రింగు తెగినా, కొక్కెం ఊడినా బట్ట పక్కలకు వదులవుతుంది. స్ప్రింగు మార్చడం చిన్న పని.

ముడత మూల నుంచి మూలకు ఐమూలగా పడితే జాగ్రత్త. ఫ్రేము ఒక పక్కకు వంగి ఉండాలి, లేదా బాడీయే ఒరిగి ఉండాలి. హెరాల్డ్‌లో బాడీ వేరు, ఛాసిస్ వేరు. బాడీని మోసే పక్క చేతులు తుప్పు పడితే డోరు దగ్గర బాడీ దిగిపోతుంది. అలాంటి బండికి ఎంత మంచి మిస్త్రీ టాపు కుట్టినా ఐమూల ముడత పోదు. ముందు వెల్డింగ్ పని, తర్వాతే టాపు పని.

4. డోరు సగం తెరిచి, కింది అంచు పట్టుకుని పైకి ఎత్తండి. కదిలితే కీలు పిన్ను అరిగింది. వాలిన డోరుతో పాటు అద్దం కూడా వాలుతుంది, బీడింగ్‌కూ అద్దానికీ మధ్య సందు వస్తుంది. టాపు కారుతోందని వచ్చే బళ్లలో ఈ కేసులు చాలా. కీళ్ల పిన్నులకు టాపు ఖర్చుతో పోలిస్తే అయ్యేది చాలా తక్కువ.

5. పది రూపాయల నోటు పరీక్ష. నోటును అద్దానికీ బీడింగ్‌కూ మధ్య పెట్టి డోరు మూయండి. మెల్లగా లాగితే బిగువుగా జారుతూ రావాలి. ఊరికే వచ్చేసిన చోట సందు ఉంది, అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. అద్దం చుట్టూ అలా జరుపుకుంటూ వెళ్లండి. చాలా బళ్లలో డోరు లోపలి అట్ట విప్పితే అద్దం ఎత్తును, వాలును సరిచేసే బోల్టులు కనిపిస్తాయి.

6. నీళ్ల పరీక్షకు ఇద్దరు కావాలి. ఒకరు టార్చి పట్టుకుని కారులో కూర్చోవాలి, ఇంకొకరు బయట పైపు పట్టుకోవాలి. బకెట్‌తో ఒకేసారి గుమ్మరిస్తే అన్ని చోట్ల నుంచీ కారుతుంది, ఏమీ తెలియదు. కార్ వాష్ ప్రెషర్ గన్ అయితే మంచి టాపునూ కారేలా చేస్తుంది, అది అసలే వద్దు.

పైపు మూతికి వేలు అడ్డం పెట్టకుండా, నీళ్లు సన్నగా జారేలా వదలండి. కింది నుంచి మొదలుపెట్టండి. ముందు డోరు అద్దం కింది భాగం, తర్వాత అద్దం పై అంచు, తర్వాత విండ్‌షీల్డు మూల, ఆఖరికి టాపు కుట్లు. ఒక్కో చోట రెండు మూడు నిమిషాలు ఆగాలి. పై నుంచి మొదలుపెడితే జారిన నీళ్లు కింద కారుతుంటే కింది అంచునే అనుమానిస్తారు. నీళ్లకు ఒక గుణం ఉంది, దూరినచోట చుక్కగా పడవు. కమ్మీ పట్టుకుని పాకి, తమకు అనువైన బోల్టు దగ్గర రాలతాయి. అద్దం మూలలో దూరిన నీరు మీ పాదం మీద పడుతుంది. అందుకే అనుమానం ఉన్న కమ్మీలకు ముందే చాక్‌పీసు పొడి పూసి ఉంచండి. నీరు నడిచిన దారి తెల్ల పొడిలో గీతగా కనిపిస్తుంది. ఆ గీతను వెనక్కి పట్టుకుని వెళితే దూరిన చోటు దొరుకుతుంది.

ఈ పరీక్ష రోహిణి కార్తెలోనే చేయండి. మృగశిర నాడు బేగంబజార్ చేపల మార్కెట్లో జనం కిటకిటలాడే సమయానికి నైరుతి గుమ్మంలో ఉంటుంది, ఆ తర్వాత టాపు ఆరబెట్టుకోవడానికి వరసగా నాలుగు ఎండలు దొరకవు.

7. కుట్ల నుంచి చెమరిస్తే బట్ట రకాన్ని బట్టి వైద్యం. నూలు కాన్వాస్‌లో సూది రంధ్రాలు మొదటి రెండు మూడు తడుపులకు దారం ఉబ్బి వాటంతట అవే మూసుకుంటాయి. కాబట్టి కొత్త కాన్వాస్ టాపును రెండుసార్లు తడిపి ఆరబెట్టాక తీర్పు చెప్పండి. అప్పటికీ చెమరిస్తే తేనెమైనం ముద్దను కుట్టు వెంట రుద్ది, హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబరిస్తే రంధ్రాల్లోకి దిగుతుంది. రెక్సిన్ ఉబ్బదు, దాని మీద మైనం పూస్తే మే ఎండకు కరిగి జారుతుంది, దుమ్ము అంటుకుంటుంది. రెక్సిన్ కుట్టుకు లోపలి వైపు నుంచి వాటర్‌ప్రూఫ్ సీలర్ పూయాలి, లేదా అతుకు పట్టీ వేయించాలి. కుట్టడానికి ముందే దారం సంగతి అడిగి ఉంటే మేలు. నూలు దారం ఎండకూ వానకూ త్వరగా మగ్గుతుంది. మందపాటి పాలిస్టర్ దారమే కావాలని చెప్పండి.

8. రెండు ముక్కలు కలిసిన చోట పై ముక్క అంచు ఎటు చూస్తోంది? పెంకుటింటి కప్పు మీద పెంకు మీద పెంకు పేర్చినట్టు, నీరు జారే దిక్కుకే పై అంచు తెరుచుకోవాలి. ముందుకు తెరుచుకుంటే బండి పరుగులో గాలి వాననీటిని అతుకులోకి నెడుతుంది. సీలర్ ఎంత పూసినా ఇది ఆగదు. మొదటి నుంచీ తప్పుగా కుట్టిన పని ఇదొక్కటే, విప్పించి మళ్లీ కుట్టించుకోవడానికి మొహమాటపడొద్దు.

9. బట్ట అంచును పట్టి ఉంచే పిన్నులను అయస్కాంతంతో చూడండి. గన్‌తో కొట్టిన మామూలు ఇనప పిన్నులు ఒక్క వానకాలానికే తుప్పు పట్టి, బట్ట మీద ఎర్రటి మరకలు దించుతాయి. మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు అయస్కాంతానికి సాధారణంగా అంటుకోవు. పిన్నులు దిగే పట్టీ పాత చెక్కదై పుచ్చిపోతే ఏ పిన్నూ నిలవదు, ఆ పట్టీ మార్చాలి.

10. అంచులు లేస్తున్నాయంటే జిగురు ఎండకు ఓడిపోయింది. మే నెలలో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలిచిన కారు టాపు అంతకన్నా ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. చెక్క పనికి వాడే తెల్ల జిగురు తడికి కరుగుతుంది, దాన్ని దగ్గరకు రానీయొద్దు. వేడి తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్న కాంటాక్ట్ జిగురు తీసుకోండి. పాత జిగురు పొర పూర్తిగా గీకి, రెండు వైపులా పలచగా పూసి, వేలికి అంటనంత ఆరాక ఒత్తండి. తడిగా ఉన్నప్పుడే అతికించి చేయి దులుపుకుంటే వారం తిరక్కుండా లేస్తుంది. నీడలో, వాన లేని రోజు చేయాల్సిన పని ఇది. ఒలికిన జిగురును థిన్నర్‌తోనూ పెట్రోలుతోనూ తుడవకండి, రెక్సిన్ పై పూత పోతుంది.

11. వెనక ప్లాస్టిక్ అద్దం మీద పొడి గుడ్డ పెట్టకండి. మన ఊరి దుమ్ములో సన్నని రాతి పొడి ఉంటుంది, పొడి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే వెయ్యి గీతలు. ముందు ధారాళంగా నీళ్లు పోసి దుమ్ము జారనివ్వాలి. తర్వాత సబ్బు నీళ్లలో ముంచిన మెత్తటి ఫ్లానెల్ గుడ్డతో ఒకే దిక్కుకు తుడవాలి. ఇంట్లో గాజుకు వాడే నీలం స్ప్రేలు, న్యూస్‌పేపరు రెండూ వద్దు. టాపు దించేటప్పుడు ఈ షీటు మడత పడకూడదు, మధ్యలో పాత దుప్పటి ముక్క చుట్టి పెట్టండి. చలికాలం పొద్దున దించాల్సి వస్తే ఎండ తగిలి షీటు మెత్తబడేదాకా ఆగండి. గట్టిపడ్డ ప్లాస్టిక్ మడతలో పగుళ్లిస్తుంది.

12. జిప్పు పట్టేస్తే కొవ్వొత్తి ముక్క. పళ్ల మీద రెండు వైపులా రుద్ది రన్నర్‌ను మెల్లగా నడపండి. నూనె రాస్తే దుమ్ము చేరి ఇంకా బిగుస్తుంది. రన్నర్ నోరు తెరుచుకుంటే జిప్పు అంతా మార్చనక్కర్లేదు, దర్జీ సామాన్ల కొట్లో అదే సైజు రన్నర్ విడిగా ఇస్తారు. జీపు పక్క తెరలకు పెద్ద పళ్ల ప్లాస్టిక్ జిప్పులే నయం, తుప్పు బాధ లేదు. టిచ్ బటన్లు అందకపోతే మధ్యాహ్నం ఎండలో ప్రయత్నించండి, విప్పేటప్పుడు బట్ట పట్టి లాగకుండా బటన్ అంచు కింద వేలు పెట్టి లేపండి.

13. ఔటర్ రింగ్ రోడ్డెక్కగానే టాపు టపటప కొట్టుకుంటే, ముందు అద్దాలు పూర్తిగా మూయండి. తెరిచిన కిటికీలోంచి గాలి దూరి టాపును లోపలి నుంచి ఉబ్బిస్తుంది. మూసినా కొట్టుకుంటే, టాపు లోపలి వైపు కుట్టిన బట్ట పట్టీలు కమ్మీలకు తగిలించి ఉన్నాయో లేదో చూడండి. తొందరలో వాటిని వదిలేసే మిస్త్రీలు ఉన్నారు. ఈల శబ్దం వస్తే నోటు పరీక్షలో గుర్తు పెట్టిన చోటు మళ్లీ చూడండి, చాలాసార్లు అదే. బీడింగ్ ఎండిపోతే సిలికాన్ పూయండి. కొబ్బరి నూనె, గ్రీజు రబ్బరును పాడుచేస్తాయి.

14. తడి టాపును ఎప్పుడూ మడవకండి. ఒక్క రాత్రి చాలు, బూజు వాసన పట్టడానికి. నల్ల మచ్చలు పడితే తెల్ల వెనిగర్‌కు సమానంగా నీళ్లు కలిపి మెత్తటి బ్రష్‌తో రుద్ది, శుభ్రంగా కడిగి ఎండబెట్టండి. ముందు కనపడని మూలలో చూసుకుని ఆపై మిగతా చోట్ల వాడండి. బ్లీచింగ్ పౌడరు మచ్చతో పాటు కుట్టునూ తినేస్తుంది.

15. మడిచిన టాపు ఎలుకకు మంచి గూడు. ధాన్యం, పప్పుల గోదాములున్న బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. నెలల తరబడి మడిచి ఉంచకండి, పదిహేను రోజులకోసారి లేపి దులపండి. నాఫ్తలీన్ గోళీలు పెట్టేవాళ్లు గుడ్డ సంచిలో కట్టి, ప్లాస్టిక్‌కు తగలకుండా వేలాడదీయాలి, తగిలితే ఆ చోటు మెత్తబడి మరక పడవచ్చు.

16. సామాను కొనడానికి బేగంబజార్‌లోకి ఆ బండితోనే వెళ్లకండి. ఇరుకు గల్లీలో ట్రాలీ ఆటో మీంచి బయటకు పొడుచుకొచ్చిన ఇనప చువ్వ, హమాలీ నెత్తిన ఉన్న మూట మూల, బస్తా కొక్కెం, ఏది తగిలినా కొత్త టాపుకు చిరుగే. తప్పు వాళ్లది కాదు, అది వాళ్లు పనిచేసే చోటు. బండి దూరంగా ఆపి నడిచి వెళ్లండి.

17. ఎండ నుంచి కాపాడటమే అన్నిటికన్నా పెద్ద వైద్యం. మూసీకి అవతల చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపు పచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఇప్పటికీ చూడముచ్చటగా ఉంది, అది కప్పు కింద ఉండటం అందుకు ఒక కారణం. మన బళ్లకు కనీసం ఒక నూలు కవరు కావాలి. తాటిపత్రిని నేరుగా టాపు మీద కట్టేస్తే లోపల తేమ నిలిచి, గాలికి రాసుకుని ప్లాస్టిక్ అద్దం మసకబారుతుంది. కింద పాత చీర పరచి ఆపై కట్టండి. వేప, మామిడి చెట్ల కింద నీడ హాయిగానే ఉంటుంది కానీ జిగురు, పిట్టల రెట్ట ఆ రోజే కడగాలి.

18. పండగల్లో మూడు జాగ్రత్తలు. హోలీకి బేగంబజార్‌లో రంగులు రాశులు పోసి అమ్ముతారు, ఆ పొడి టాపు మీద పడితే వెంటనే నీళ్లు పోయకండి. నీళ్లు తగిలితేనే అది అద్దకం అవుతుంది. ముందు మెత్తటి బ్రష్‌తో పొడిగా దులిపి, వాక్యూమ్‌తో లాగి, ఆ తర్వాతే కడగండి. దసరా ఆయుధ పూజలో పసుపు, కుంకుమ బొట్లు బానెట్ రేకు మీద పెట్టండి, కాన్వాస్‌కు అంటిన పసుపు అంత తేలిగ్గా పోదు. పూలదండ కట్టే తీగ వెనక ప్లాస్టిక్ అద్దానికి తగలనీయకండి. దీపావళి రాత్రి బండిని వీధిలో ఉంచొద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు.

19. మిస్త్రీతో లెక్క ముందే మాట్లాడుకోండి. మొత్తం డబ్బు ఒకేసారి ఇవ్వకుండా, కొంత తొలి వాన తర్వాత ఇస్తానని పని మొదలయ్యేటప్పుడే చెప్పండి. పని మీద నమ్మకమున్న మిస్త్రీ ఒప్పుకుంటాడు. మీ వైపు నుంచి మీరూ మాట నిలబెట్టుకోవాలి. మొదటి నెల టాపు దించకూడదు, మధ్యలో వేరేవాళ్లతో విప్పించకూడదు. కారుతోందని వెళ్లేటప్పుడు ఊరికే "కారుతోంది" అనకండి. నీళ్ల పరీక్షలో కనబడ్డ గీత ఫోటో, నోటు వదులుగా వచ్చిన చోట చాక్‌పీసు గుర్తు, ముడత ఏ దిక్కుకు ఉందో చూపించండి. అతను టాపు మీద చెయ్యి వేసే ముందు ఫ్రేము, డోరు, అద్దం, బీడింగ్, ఈ నాలుగూ సరిచేసి చూడమని అడగండి. అవన్నీ సరిగ్గా ఉన్నా బట్ట ఇంకా చాలకపోతే, వెనక అంచు పిన్నులు మాత్రమే తీసి, అక్కడ మిగిల్చిన బట్టలోంచి అర అంగుళం వదలమనండి. ముందు అంచు జోలికి వెళ్లనీయకండి, అక్కడ బట్ట మిగలదు.